ఇల్లిచ్చిన వాళ్ళకి ఏ సెక్షన్? (ప్రాగ్, 1942)

మనవరాలు, సత్యనారాయణపురం:

నమస్కారమండీ. ఇక్కడ చరిత్ర చదివినవాళ్ళూ, కోర్టుల్లో పనిచేసినవాళ్ళూ ఉన్నారు కదా అని అడుగుతున్నా.

పోయిన నెల అమ్మమ్మ ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది సామాను దింపాం. తాతయ్య రేకు పెట్టె బయటపడింది. ఆయన బెజవాడలో ఒక ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళ పైనే కంపోజిటరుగా, అంటే అచ్చుకి అక్షరాలు పేర్చే పని, చేశారు. పెట్టెలో ఒక కంపోజింగ్ స్టిక్కు, గుడ్డసంచిలో గుప్పెడు సీసపు అక్షరాలు (అన్నీ 'క్ష'లే, ఎందుకు దాచారో తెలీదు), అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం ఉన్నాయి. చెక్ కమ్యూనిస్టు పాత్రికేయుడు జూలియస్ ఫూచిక్ జర్మన్ల జైల్లో రాసిన దానికి తెలుగు అనువాదం. చివరి ఫారం, అంటే పదహారు పేజీలు, చెదలు తినేశాయి. మిగతాది బాగానే ఉంది.

ఫూచిక్ 1942 ఏప్రిల్ 24 రాత్రి ప్రాగ్‌లో ఒక ట్రామ్ ఉద్యోగి ఇంట్లో దొరికిపోతాడు. ఆ ఇంటి భార్యాభర్తలు చాలా మామూలు మనుషులు. సరిగ్గా ఆ పేజీ అంచున తాతయ్య పెన్సిలుతో ఒక్క ముక్క రాసుకున్నారు: "ఇల్లిచ్చిన వాళ్ళకి ఏ సెక్షన్?" కింద రెండు గీతలు.

ఊరికే రాసుకున్న ప్రశ్న కాదు అది. 1949లో, కమ్యూనిస్టు పార్టీవాళ్ళ కోసం పోలీసులు బెజవాడంతా గాలిస్తున్న రోజుల్లో, మా మేడ మీది గదిలో ఒకాయన ఏడు నెలలున్నాడు. అప్పటి మాటల్లో మా ఇల్లు 'డెన్'. అమ్మమ్మకి అప్పుడు పదహారేళ్ళు, కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. ఇరుగుపొరుగుకి "మా తమ్ముడు, ఒంట్లో బాలేక వచ్చాడు" అని చెప్పేదట. ఇంటికి ఒక మనిషి బియ్యం ఎక్కువ కొంటే కొట్టువాడు ఎక్కడ పట్టేస్తాడో అని, ఆ ఒక్క మనిషి బియ్యం పటమటలో పుట్టింటి నుంచి కొంగులో కట్టుకుని తెచ్చేదట.

నా ప్రశ్న తాతయ్య ప్రశ్నే. జర్మన్ల కింద చెక్ వాళ్ళ రహస్య దళాల్ని ఏ చట్టం కింద, ఏ కోర్టులో విచారించారు? ముఖ్యంగా ఇల్లిచ్చి, అన్నం పెట్టిన వాళ్ళని? నెట్‌లో వెతికితే ప్రాగ్‌ని ఏలిన నాజీ అధికారి హైడ్రిక్ కారు, బాంబు, చర్చి, అంతే. అన్నం పెట్టినవాళ్ళు ఎక్కడా కనపడరు.

కృష్ణలంక కుర్రాడు:

అక్కా, హైడ్రిక్ మీద రెండు సినిమాలు చూశా. అతన్ని చంపినవాళ్ళు చర్చి కింద గదిలో దాక్కుంటే ఫైరింజన్ పైపులు పెట్టి నీళ్ళు వదులుతారు, ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ కోర్టు సీన్ ఒక్కటి కూడా గుర్తులేదు. అసలు అక్కడ కోర్టులున్నాయా? పట్టుకుని కాల్చెయ్యడమే అనుకున్నా.

రిటైర్డు బెంచి క్లర్కు, గుంటూరు:

ఉన్నాయి నాయనా. కావలసినన్ని ఉన్నాయి. రిజిస్టర్లు, నంబర్లు, స్టాంపులు, బిల్లులు అన్నీ ఉన్నాయి. అసలు భయం వేసేది అక్కడే.

అమ్మాయ్, ముందు నేనెవరో చెప్తాను. గుంటూరు జిల్లా కోర్టుల్లో ముప్ఫై నాలుగేళ్ళు బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాను. మా అల్లుడికి చెక్ దేశంలోని బ్ర్నోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2017లో నన్నూ మా ఆవిడనీ మూడు నెలలు అక్కడ ఉంచుకున్నాడు. మా ఆవిడ షాపులు చూసింది, నేను జైళ్ళూ కోర్టులూ చూశాను. ఏ ఊరెళ్ళినా ముందు కోర్టు ఎక్కడ అని అడగడం నా జబ్బు. అల్లుడు పాపం విసుక్కోకుండా తిప్పాడు.

మీ తాతగారి మనసులో ఉన్న సెక్షన్ ఏదో నాకు తెలుసు. ఐపీసీ 212 (2024 దాకా ఉన్న పాత శిక్షాస్మృతి). నేరస్థుడికి ఆశ్రయం ఇవ్వడం. అసలు నేరానికి ఉరిశిక్ష ఉన్నా సరే, దాచినవాడికి అయిదేళ్ళకి మించి పడేది కాదు. అందులో చివర ఒక మినహాయింపు ఉండేది. దాచింది ఆ మనిషి భార్యో, భర్తో అయితే సెక్షన్ వర్తించేది కాదు. తెల్లవాడు రాసిన చట్టమే, అయినా మొగుణ్ణి దాచిన పెళ్ళాం మీద కేసు పెట్టకూడదన్న ఇంగితం ఉంది. ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

జర్మన్లు 1939 మార్చి 15న ప్రాగ్‌లో దిగారు. మర్నాడే ఆ దేశానికి 'బొహీమియా, మొరావియా రక్షిత ప్రాంతం' అని పేరు పెట్టారు. రక్షిత ప్రాంతమట. చెక్ కోర్టులు దొంగతనాలకీ, పొలం గట్ల తగాదాలకీ మిగిలాయి. జర్మనీకి వ్యతిరేకంగా ఏం చేసినా జర్మన్ కోర్టే. ప్రాగ్‌లో, బ్ర్నోలో ప్రత్యేక కోర్టులు పెట్టారు. పెద్ద కేసులు బెర్లిన్‌లో 'ప్రజా న్యాయస్థానం' అనే దానికి పోయేవి. అక్కడ మామూలుగా పెట్టే అభియోగం 'రాజద్రోహానికి సన్నాహం'. సన్నాహం అన్న మాట గమనించారా? ఏదైనా జరగక్కర్లేదు. కరపత్రం అచ్చు వేస్తే సన్నాహం, పంచితే సన్నాహం, జైల్లో ఉన్నవాడి పెళ్ళానికి చందా పోగుచేసి ఇచ్చినా సన్నాహమే.

మీ తాతగారు కంపోజిటరు కనక ఒక ఇంటి కథ చెప్తాను. వోయ్‌టెక్ ప్రైసిగ్ అని అక్షరాల రూపకర్త. ఆయన గీసిన అచ్చక్షరాలు ఆయన పేరుతోనే ఉన్నాయి. అమెరికాలో ఏళ్ళ తరబడి పనిచేసి సొంత దేశానికి తిరిగొచ్చాడు. జర్మన్లు వచ్చేనాటికి అరవై దాటినవాడు. కృష్ణా రామా అనుకోవలసిన వయసులో 'పోరాటానికి' అనే రహస్య పత్రికకి బొమ్మలు గీసి, పేజీలు తయారుచేశాడు. కూతురు ఇరేనా బెర్నాష్కోవా ఆ పత్రికని ఊళ్ళో చేర్చేది. ఇంట్లో ముద్దుపేరు 'ఇంకా'. మన ఇంకా కాదు, వాళ్ళ పేరే అంత. 1940లో తండ్రీ కూతుళ్ళిద్దరూ దొరికిపోయారు. ఆమె కేసు ఏడాదిన్నర నడిచింది. 1942 మార్చిలో బెర్లిన్‌లో తీర్పు, ఆగస్టు 26న ప్లోట్జెన్‌జే జైల్లో తల తీశారు. జర్మన్ కోర్టు మరణశిక్ష వేసిన మొదటి చెక్ స్త్రీ ఆవిడ. తండ్రి 1944 జూన్‌లో దాకావ్ క్యాంపులో పోయాడు.

ఆ ప్లోట్జెన్‌జే సంగతి ఒకటి చదివినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. శిక్ష అమలయ్యాక ఇంటికి బిల్లు పంపేవాళ్ళు. జైల్లో ఉన్నందుకు రోజుకి ఒక మార్కు యాభై. మరణశిక్ష అమలుకి 300 మార్కులు. చివరి పద్దు ఈ బిల్లు పంపడానికయిన తపాలా ఖర్చు, 12 ఫెనిగ్‌లు. కోర్టు ఫీజు స్టాంపులు లెక్కపెట్టి బతికినవాడిని నేను. ఎక్కడో ఒక గుమాస్తా కూర్చుని ఆ 12 ఫెనిగ్‌లు కలిపి, కూడిక సరిచూసుకుని, సంతకం పెట్టి ఉంటాడు కదా. ఆ గుమాస్తా ముఖం నాకు కనపడుతూనే ఉంటుంది.

ఇది నింపాది దారి. 1941 సెప్టెంబరు 27న హైడ్రిక్ ప్రాగ్ వచ్చాడు. మర్నాడు అత్యవసర స్థితి ప్రకటించి సత్వర కోర్టులు తెరిచాడు. ఆ రోజే బిలీ, వోయ్‌టా అనే ఇద్దరు జనరళ్ళని కాల్చేశారు. ఇద్దరూ 'దేశ రక్షణ' అనే రహస్య సైనిక సంస్థ వాళ్ళు. ఆ కోర్టుల్లో మూడే తీర్పులు: మరణం, గెస్టపోకి (జర్మన్ రహస్య పోలీసుకి) అప్పగింత, విడుదల. అప్పగింత అంటే క్యాంపు. అప్పీలు లేదు. ఆ మొదటి విడతలో 500కి దగ్గరగా చంపారు, రెండు వేల పైచిలుకు మందిని క్యాంపులకి తోలారు. కూర్చున్న జడ్జీలు ఎవరనుకున్నారు? పోలీసు విభాగాల వాళ్ళే.

ఇంకో విడ్డూరం వినండి. రక్షిత ప్రాంతానికి చెక్ ప్రధానమంత్రి ఒకాయన ఉండేవాడు, జనరల్ అలోయిస్ ఎలియాష్. పైకి జర్మన్లతో పనిచేస్తూ లోపల లండన్‌లో ఉన్న చెక్ ప్రవాస ప్రభుత్వంతో సంబంధాలు పెట్టుకున్నాడు. ఆయన్ని పట్టుకుని అక్టోబరు 1న ప్రజా న్యాయస్థానాన్నే ప్రాగ్‌కి రప్పించి విచారించారు. బెర్లిన్ నుంచి అధ్యక్షుడు టీరాక్ స్వయంగా వచ్చాడు. సర్కారు ప్లీడరు స్థానంలో ప్రాగ్ గెస్టపో అధిపతి గెష్కె కూర్చున్నాడు! అరెస్టు చేసిన స్టేషన్ సర్కిల్ గారే వచ్చి పీపీ కుర్చీలో కూర్చున్నట్టు. కొన్ని గంటల్లో మరణశిక్ష. టీరాక్ ఏడాది తిరక్కుండా న్యాయశాఖ మంత్రి అయ్యాడు. ఎలియాష్‌ని మటుకు 1942 జూన్ 19 వరకూ దాచుకుని అప్పుడు కాల్చారు.

ఇక మీ ప్రశ్న. 1942 మే 27న గబ్చీక్, కుబిష్ అనే, లండన్ పంపిన పారాట్రూపర్లు హైడ్రిక్ కారు మీద బాంబు వేశారు. హైడ్రిక్ జూన్ 4న పోయాడు. బాంబు పడగానే ఊరంతా ప్రకటనలు. చేసినవాళ్ళకి ఇల్లిచ్చినా, సాయం చేసినా, తెలిసీ చెప్పకపోయినా కుటుంబంతో సహా కాల్చివేత. పట్టిస్తే కోటి క్రౌన్ల బహుమతి. పదిహేనేళ్ళు దాటిన ప్రతివాడూ పోలీసు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, లేనివాడు దొరికితే కాల్చివేత. అంటే మీ మేడ మీది గదిలో నమోదు కాని మనిషి ఒకడున్నాడంటే చాలు, వాడేం చేశాడన్నది ఎవరికీ అక్కర్లేదు. చంపింది మంచిదే అన్నా మరణమే. కాల్చినవాళ్ళ పేర్లు ఎర్ర కాగితం మీద, జర్మన్‌లోనూ చెక్‌లోనూ, గోడలకి అంటించేవారు. కొబిలిసి అని ప్రాగ్ ఉత్తరాన పాత షూటింగ్ రేంజి ఉంది. ఆ వేసవి నెలలోనే అక్కడ 500 మందికి పైగా పోయారు. నేను వెళ్ళి చూశాను. చుట్టూ అపార్టుమెంట్లు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, మధ్యలో గడ్డి పెరిగిన పల్లం, పేర్లు చెక్కిన రాళ్ళు. ఒకే ఇంటిపేరు వరసగా వస్తుంటే వేలు పెట్టి చదువుకుంటూ పోయాను.

కాబట్టి తాతగారి ప్రశ్నకి నా జవాబు: సెక్షన్ లేదు. గోడ మీద నోటీసుంది. మనకి భార్యని వదిలేసిన చట్టం, అక్కడ పిల్లల్ని కూడా వదలని నోటీసు.

పిల్లలంటే నిజంగా పిల్లలే. గబ్చీక్ సైకిలు, సంచీ సంఘటన చోటే వదిలేశాడు. గెస్టపో వాటిని ఊరి నడిబొడ్డున బాటా షాపు అద్దాల్లో పెట్టి, ఎవరివో చెప్పమంది. (బాటా వాళ్ళదే, జ్లీన్ ఊరిది. నాకు బీసెంట్ రోడ్డు బాటాయే గుర్తుకొచ్చింది.) కుబిష్ రక్తం కారుతూ సైకిలు మీద లిబెన్య్ పేటలో నోవాక్ వాళ్ళింటికి చేరాడు. సైకిలు బయట వదిలేస్తే, దాన్ని తెచ్చి దాచమని వాళ్ళ చిన్నమ్మాయి యింద్రిష్కాని పంపారు. పద్నాలుగేళ్ళ పిల్ల. రక్తపు సైకిలు తోసుకెళ్తున్న ఆడపిల్లని ఎవరో చూశారు. గెస్టపో ఆ చుట్టుపక్కల ఆ వయసు ఆడపిల్లలందర్నీ వరసగా నిలబెట్టింది. అప్పటికి దొరకలేదు. తర్వాత పారాట్రూపర్లలోనే చూర్దా అనేవాడు వెళ్ళి ఇళ్ళ చిరునామాలు చెప్పేశాడు. అంతే, ఒక్కొక్క ఇల్లే.

వీళ్ళకి కోర్టు ఉంది అమ్మాయ్, ఆ మాట దాచకూడదు. వాళ్ళు తెరెజీన్ కోటలో ఖైదులో ఉండగా ప్రాగ్‌లో సత్వర కోర్టు కూర్చుని, ముద్దాయిలు లేకుండానే తీర్పులు రాసింది. మన కోర్టులో బంట్రోతు మూడుసార్లన్నా పేరు పిలుస్తాడు. అక్కడ పిలవలేదు. 1942 అక్టోబరు 24న మౌట్‌హౌజెన్ క్యాంపులో ఒక్క రోజే 262 మందిని చంపారు. ఒంటి కొలతలు తీస్తామని చెప్పి ఒక్కొక్కరినే లోపలికి పిలిచి. నోవాక్ కుటుంబం, ఆ పద్నాలుగేళ్ళ పిల్లతో సహా, ఆ జాబితాలో ఉంది.

మాది తెనాలి. అదే ఏడాది ఆగస్టు 12న మా ఊళ్ళో పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు, రణరంగ చౌక్‌లో ఏడు స్తంభాలున్నాయి. చిన్నప్పుడు వాటి నీడలో గోళీలాడుకున్నాం. 262కి స్తంభాలు వేస్తే మా చౌక్ చాలదు.

మోకాళ్ళ నొప్పి, ఇంక కూర్చోలేను. అడగాల్సింది ఉంటే అడగండి.

వాల్వు రేడియో, గవర్నరుపేట:

గుమాస్తా గారూ, కాగితాల సంగతి మీరు చెప్పారు, తీగల సంగతి నేను చెప్తా. యాభై ఏళ్ళుగా రేడియోలు బాగుచేస్తున్నా. ఇప్పుడు ఎవరూ తేరు, అప్పుడప్పుడూ పాత మర్ఫీ సెట్టు షోకేసులో పెట్టుకోడానికి పాలిష్ చేయించుకుంటారు, పాడకపోయినా పర్లేదంటారు. అది వేరే బాధ.

ఆక్రమణలో ప్రతి రేడియో మీటకీ ఒక చిన్న అట్టముక్క తగిలించాలి. విదేశీ ప్రసారాలు వినడం నిషేధం, వింటే కఠిన జైలు లేదా మరణం అని దాని మీద అచ్చు వేసి ఉండేది. మీట తిప్పబోయే ప్రతిసారీ వేలికి తగిలేలా! మన ఇళ్ళల్లో రేడియోకి లైసెన్సు పుస్తకం ఉండేది గుర్తుందా, పోస్టాఫీసులో కట్టాలి. కట్టకపోతే జరిమానా. వాళ్ళకి అట్టముక్క లేకపోయినా శిక్షే.

తర్వాత జర్మన్లకి అది కూడా చాలక, సెట్లన్నీ మెకానిక్కుల దగ్గరికి పంపించి షార్ట్‌వేవ్ భాగాలు పీకించారు. లండన్ రాకూడదని. ఏం చేశారో తెలుసా మనవాళ్ళు? (మనవాళ్ళే, మెకానిక్కు ఎక్కడున్నా మనవాడే.) చిటికెనవేలంత కాయిల్ ఒకటి చుట్టి, కావలసినప్పుడు సెట్టులో పెట్టుకునేలా చేశారు. విని, పీకి, చక్కెర డబ్బాలో వేసుకోవచ్చు. దానికి జనం పెట్టిన ముద్దుపేరు 'చెర్చిల్కా', చర్చిల్ పేరు మీద. పగలు ప్రభుత్వం ఆర్డరు మీద కాయిల్ పీకి, రాత్రి అదే చేత్తో చెర్చిల్కా చుట్టిచ్చిన మెకానిక్కులు ఎంతమందో. నేనైతే చేసేవాణ్ణా? నిజం చెప్పాలంటే తెలీదు. మా ఆవిణ్ణి అడిగితే "మీకంత లేదు" అంది.

పంపే సెట్ల కథ ఇంకా టెన్షన్. 'ముగ్గురు రాజులు' అని ముగ్గురు సైనికాధికారులు ఉండేవాళ్ళు: బాలబాన్, మషీన్, మొరావెక్. మషీన్ అసలు పేరే, మనిషి కూడా అంతే. బాలబాన్ 1941 ఏప్రిల్‌లో దొరికాడు. మేలో నూస్లె పేటలో ఒక ఫ్లాటులోంచి లండన్‌కి సందేశం పంపుతుంటే గెస్టపో తలుపు కొట్టింది. మషీన్ తలుపు దగ్గర కాల్పులతో అడ్డుకుంటే, మొరావెక్, ఆపరేటరు కిటికీలోంచి ఏరియల్ తీగ పట్టుకుని కిందికి జారారు. సన్న లోహపు తీగ. మొరావెక్‌కి ఒక వేలు తెగిపోయింది. ఏరియల్ తీగ లాగుతూ అరచెయ్యి కోసుకున్నవాళ్ళకి అది ఎలా ఉంటుందో తెలుస్తుంది. మనిషి బరువంతా దాని మీదే. మషీన్ గాయాలతో దొరికాడు, 1942 జూన్ 30న కొబిలిసిలో కాల్చేశారు. మొరావెక్ అంతకు ముందే, మార్చి 21న, ప్రాగ్ వీధిలో కాల్పుల్లో పోయాడు.

సెట్టు ఎక్కువసేపు ఆన్‌లో ఉంటే, దిక్కు పట్టే ఏరియల్ ఉన్న బండ్లు వీధులు తిరిగి ఏ ఇల్లో కనిపెట్టేసేవి. 1941 అక్టోబరు మొదట్లో యినోనిట్సె దగ్గర అలాగే చుట్టుముట్టారు. ఆపరేటరు క్లెచ్కా తనని తాను కాల్చుకున్నాడు. దాంతో లండన్‌తో మాట ఆగిపోయింది. డిసెంబరు ఆఖరులో పారాట్రూపర్లు 'లిబుషె' అనే కొత్త సెట్టు తెచ్చేదాకా నిశ్శబ్దమే. ఆ సెట్టు లెజాకి అనే చిన్న పల్లె దగ్గర, రాతి క్వారీలో పెట్టారు. 1942 జూన్ 24న ఆ పల్లెని తగలబెట్టి పెద్దవాళ్ళందర్నీ కాల్చేశారు. పిల్లలు పదమూడు మందిలో బతికింది అక్కచెల్లెళ్ళు ఇద్దరే. ఒక్క రేడియో సెట్టుకి.

హిస్టరీ మేడం, బ్రాడీపేట:

చర్చ బాగుంది. కానీ తాతగారి పుస్తకం గురించి ఒక మాట చెప్పకపోతే అది సగమే అవుతుంది. కొందరికి నచ్చకపోవచ్చు.

ఫూచిక్ ప్రాగ్‌లోని పంక్రాట్స్ జైల్లో కాగితం ముక్కల మీద రాశాడు, కొలీన్‌స్కీ అనే గార్డు వాటిని బయటికి చేర్చాడు. ఆ గార్డు చెక్ మనిషే, జర్మన్‌నని చెప్పుకుని ఆ ఉద్యోగంలో చేరాడు. ఫూచిక్‌ని 1943 ఆగస్టు 25న బెర్లిన్ ప్రజా న్యాయస్థానంలో విచారించి, సెప్టెంబరు 8న ప్లోట్జెన్‌జేలో చంపారు. అక్కడివరకూ సరే. యుద్ధం అయ్యాక భార్య గుస్తా ఆ ముక్కలన్నీ పోగుచేసింది, 1945లో పుస్తకం వచ్చింది. అయితే కొన్ని భాగాలు తీసేసి అచ్చు వేశారు. దెబ్బలు తట్టుకుని నోరు విప్పని ఫూచిక్ అందరికీ తెలుసు. కొన్ని వారాల తర్వాత మాట్లాడడం మొదలుపెట్టి, తప్పుదారి పట్టించడానికి గెస్టపోతో ఒక ఆట ఆడానని ఆయనే రాసిన భాగం 1995లో పూర్తి ప్రతి వచ్చేదాకా చదువరులకి దొరకలేదు. మన తెలుగు అనువాదాలన్నీ పాత ప్రతి మీదివే అయి ఉంటాయి.

ఇంకొకరి పేరు ఎవరూ ఎత్తలేదు. మిలాదా హొరాకోవా, న్యాయశాస్త్రం చదివిన మనిషి. 'విధేయులుగా ఉంటాం' అనే రహస్య సంఘంలో పనిచేసింది. 1940లో గెస్టపో పట్టుకుంది. తెరెజీన్‌లో పెట్టి, 1944లో డ్రెస్డెన్ కోర్టులో నిలబెట్టారు. తన కేసు తనే జర్మన్‌లో వాదించుకుంది. సర్కారు ప్లీడరు మరణం అడిగాడు, ఎనిమిదేళ్ళు పడింది. బతికి బయటపడింది. 1950 జూన్ 27న అదే పంక్రాట్స్ జైల్లో ఉరి తీశారు. తీసింది జర్మన్లు కాదు, కొత్తగా వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం. పాఠం నేర్పించిన విచారణ, ముందే బట్టీ పట్టించిన జవాబులు. ఆవిడ మాత్రం బట్టీ పట్టినది వదిలేసి సొంత మాటలు మాట్లాడింది. ప్రాగ్‌లో అప్పుడు ఫూచిక్ బొమ్మలు గోడగోడకీ ఉన్నాయి.

కృష్ణలంక కుర్రాడు:

మేడం, ఇది తాతగారి పెట్టె గురించిన పోస్టు. రాజకీయం ఎందుకు మధ్యలో?

రిటైర్డు బెంచి క్లర్కు, గుంటూరు:

రాజకీయం కాదు బాబూ, అదే జైలు. 1943 ఏప్రిల్ నుంచి 1945 ఏప్రిల్ దాకా అక్కడ జర్మన్లు గిలటిన్ పెట్టి వెయ్యి మందికి పైగా తలలు తీశారు. ఓడిపోయేటప్పుడు ఆ యంత్రాన్ని నదిలో పారేసి వెళ్ళారు. అయిదేళ్ళు తిరిగేసరికి అదే ప్రహరీ లోపల, జర్మన్లని ఎదిరించిన ఆవిణ్ణే ఉరి తీశారు. ప్రహరీ మారలేదు, కేసు నంబరు మారింది. మేడం గారు చెప్పాల్సిందే చెప్పారు. ఫూచిక్ గురించి మటుకు, గెస్టపో గదిలో ఏడు వారాలు కూర్చోనివాళ్ళం మనం, ఆయన ఆట ఆడాడా మాట్లాడాడా అని తీర్పు రాయడానికి నాకు చెయ్యి రాదు.

అమ్మాయ్, ఒక చిన్న కోరిక. ఆ పెన్సిలు రాత ఉన్న పేజీ ఫొటో తీసి ఇక్కడ పెడతారా? ఒకసారి చూడాలనుంది.

మనవరాలు, సత్యనారాయణపురం:

అందరికీ థాంక్స్. నిన్న ఆదివారం అమ్మమ్మకి ఇవన్నీ చదివి వినిపించాను. ఆవిడకి ఇప్పుడు తొంభై రెండు, చెవి కొంచెం మందం, గట్టిగా చదవాలి. చదువుతుంటే "మెల్లగా, వీధిలోకి వినపడుతుంది" అని రెండుసార్లు కసిరింది. కిటికీ మూసొచ్చాక కూర్చుంది.

నోటీసులు, కోర్టులు ఆవిడకి పట్టలేదు. కోటి క్రౌన్లంటే మన డబ్బుల్లో ఎంత అని అడిగింది, నాకు తెలీదన్నాను. మషీన్ తీగ పట్టుకుని జారలేకపోవడం దగ్గర "అయ్యో" అంది. సైకిలు పిల్ల దగ్గర ఆపించింది.

"ఆ పిల్లని పంపింది తల్లేనా?"

ఇంట్లోవాళ్ళు పంపారట అన్నాను.

"తల్లే పంపి ఉంటుంది. మగవాళ్ళు తోస్తే అనుమానం వస్తుంది." కాసేపాగి, "నేనూ అంతే చేసేదాన్ని. మా ఆడపడుచుని పంపేదాన్ని" అంది. అప్పుడు మా ఇంట్లో పదమూడేళ్ళ ఆడపడుచు ఉండేదట. ఈ సంగతి నాకు నిన్నటిదాకా తెలీదు. వీధి చివర పోలీసు వ్యాను కనపడితే ఆ పిల్ల వసారాలో తొక్కుడుబిళ్ళ ఆడుతూ గట్టిగా పాట ఎత్తుకోవాలి. పాట వినపడితే మేడ మీదాయన వెనక గోడ దూకాలి. ఏడు నెలల్లో మూడుసార్లు పాడిందట. ఒకసారి వ్యాను కాదు, పాలవాడి బండి. గోడ దూకి కాలు బెణికించుకుంటే వారం రోజులు పసుపు పట్టు వేసిందట.

క్లర్కు గారూ, ఫొటో పెట్టలేను. మన్నించండి. అడిగితే అమ్మమ్మ ఒప్పుకోలేదు. "మీ తాత చేతిరాత ఎవరికీ చూపించద్దు" అంది. ఎవరు పట్టుకుంటారు అమ్మమ్మా, డెబ్భై అయిదేళ్ళు దాటింది కదా అన్నాను. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని దిండు కింద పెట్టుకుంది.

పడుకోబోయే ముందు ఇంకొకటి అడిగాను. ఇంతకీ మేడ మీదాయన పేరేంటి అని.

"మా తమ్ముడు" అంది.